పై నుంచి చూస్తే పార్కు

దేవకుమార్ రంగు వేసిన గోడని చూసి మోసపోని కన్ను ఫిల్మ్ నగర్‌లో లేదని అతని నమ్మకం. నమ్మకమేమిటి, గర్వం. ఇరవై ఏళ్ళ వయసులో చేతిలో రెండు బ్రష్షులతో ఏలూరు నుంచి వచ్చి, ముప్ఫై ఏళ్ళుగా సినిమా సెట్లకి రంగులేస్తున్న మనిషి. థర్మాకోల్‌ని నల్లరాయి చేస్తాడు, ప్లైవుడ్‌ని టేకు తలుపు చేస్తాడు. ఒకసారి ఒక హీరోగారు అతని రాతి స్తంభానికి నిజంగానే ఆనుకుని, స్తంభంతో సహా వెల్లకిలా పడ్డారు. యూనిట్ అంతా పరుగెత్తి హీరోగారిని లేపుతుంటే మనవాడు పక్కనున్నవాడి చెవిలో, "చూశావా, ఎంత బాగా కుదిరిందో!" అన్నాడట. అదీ వరస.

అంతటి మొనగాడు చివరికి ఎవర్ని మోసం చేశాడయ్యా అంటే, సాక్షాత్తూ ప్రభుత్వాన్ని. అదీ అనుకోకుండా. ఆ మోసంలో మునిగింది మాత్రం అతని సొంత ఇల్లు.

జూబ్లీ హిల్స్ బంగళాల వెనక గోడకీ ఫిల్మ్ నగర్ కొండరాళ్ళకీ మధ్యన బండ సందు అని ఒకటుంది. అందులో ఇరవై మూడు రేకుల ఇళ్ళు. ఒక్కొక్కటీ నలభై గజాలు. లైట్ బాయ్‌లు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు, కాస్ట్యూములు కుట్టేవాళ్ళు ఉంటారు. దేవకుమార్ భార్య తెరెసా కుట్టే మనిషే. రాజుల అంగరఖాలు, రాణుల ఓణీలు ఆమె మిషను మీద నుంచే వెళ్తాయి. ఆ ఇల్లు ఆవిడ పద్దెనిమిదేళ్ళు కుట్టి కట్టుకున్నది. ప్రతి గోడా ఏ సినిమా గోడో ఆవిడకి గుర్తు. "ఈ వంటగది ఉంది చూశారూ, ఇది యుద్ధం సీను" అంటుంది, ఎందుకంటే ఆ సీనుకి మూడొందల మంది సైనికులకి బట్టలు కుట్టింది.

సందులో అందరికీ ఉన్న బాధ ఒకటే. రేకులు. వానొస్తే కురుస్తాయి, ఎండొస్తే కాలుస్తాయి. రెండేళ్ళ క్రితం నిర్మాత సుబ్రహ్మణ్యంగారు ఒక జానపదం తీశారు. నలభై రోజులు గ్రీన్ మ్యాట్ ముందే షూటింగు. గ్రీన్ మ్యాట్ అంటే ఏం లేదు, పచ్చటి గుడ్డ. హీరో దాని ముందు నిలబడి గాల్లోకి కత్తి విసురుతాడు, తర్వాత కంప్యూటర్ వాళ్ళు ఆ పచ్చటి చోటల్లా కొండలూ కోటలూ పెట్టుకుంటారు. షూటింగు అయ్యాక ఆ గుడ్డంతా చెత్తలో పడేయబోతుంటే దేవకుమార్ అడ్డుపడి వ్యాన్‌లో వేయించుకొచ్చాడు. కింద టార్పాలిన్, పైన పచ్చగుడ్డ, ఇరవై మూడు ఇళ్ళ మీదా ఒకే వరసలో పరిచి, తాళ్ళతో బిగించి, పాత టైర్లు బరువు పెట్టాడు. ఆ ఏడు ఇళ్ళల్లోకి ఒక్క చుక్క కురవలేదు.

"నీ కడుపు సల్లగుండ తమ్మీ," అంది ఎల్లమ్మ. సందులో అందరికన్నా పెద్దది, మొదట గుడిసె వేసుకున్నది ఆవిడే. సినిమాల్లో గుంపులో మూడో వరస ముసలమ్మ. "ఇన్నేండ్లకు ఇంట్ల గిన్నెలు పెట్టకుండ పండుకున్న."

దేవకుమార్ పొంగిపోయాడు. పొంగడూ మరి! కానీ ఆకాశంలో తిరిగే దానికి కృతజ్ఞత ఉండదు కదా. పోయిన వేసవిలో కొత్త నగర ప్రణాళిక కోసమని డ్రోన్ ఒకటి వీధి వీధికీ ఎగిరింది. సందులో పిల్లలు దానికి చేతులూపారు కూడా.

సంగతి మొదట చూసింది తెరెసా. ఏదో సర్టిఫికెట్ పని మీద వార్డు ఆఫీసుకి వెళ్తే, గోడ మీద బారెడు మ్యాపు అంటించి ఉంది. ఇళ్ళకి పసుపు రంగు, కొట్లకి ఎరుపు, పార్కులకి ఆకుపచ్చ. కింద, "ముసాయిదా. అభ్యంతరాలుంటే ముప్ఫై రోజుల్లోగా తెలుపవలెను" అని రాసుంది. సుబ్రహ్మణ్యంగారి బంగళా ఉంది, పెద్ద పసుపు ముక్క. దాని వెనక బండ సందు లేదు. సందు ఉండాల్సిన చోట చక్కటి ఆకుపచ్చ ముక్క. దాని మీద "పి-17, ఉద్యానవనం" అని.

"ఏమండీ," అంది ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "మనం పార్కులో ఉంటున్నామట."

దేవకుమార్ నవ్వాడు. పక్కింటి డ్రైవర్ ఫోనులో ఆ నోటీసు మిగతా భాగం చదివి వినిపించేదాకా నవ్వుతూనే ఉన్నాడు. ఉద్యానవన స్థలాల్లో నిర్మాణాలేవైనా కనిపిస్తే, ప్రణాళిక ఖరారైన వెంటనే తొలగించబడును. అప్పుడు పైకి చూశాడు. తలమీద రేకులు, రేకుల మీద తను పరిచిన గుడ్డ. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

మర్నాడే ప్రణాళిక ఆఫీసుకి వెళ్ళాడు, ఎల్లమ్మనీ తెరెసానీ వెంటబెట్టుకుని. అక్కడి ప్లానింగ్ ఆఫీసరు వరప్రసాద్. ఇస్త్రీ నలగని చొక్కా, మెళ్ళో గుర్తింపు కార్డు, బల్లమీద ఒక్క కాయితం లేదు. కాయితం లేకపోవడం ఆయనకి ఎంత గర్వమో, రాయి చేసిన థర్మాకోల్ దేవకుమార్‌కి అంత గర్వం.

"సార్, అది పార్కు కాదండీ. మా ఇళ్ళు. పైన ఉన్నది సినిమా గుడ్డండీ."

"నువ్వు చెప్తే ఎలాగయ్యా? డ్రోన్ చెప్పింది. తొంభై నాలుగు శాతం పచ్చదనం. ఈ సర్కిల్ మొత్తంలో హయ్యెస్ట్. మొన్న మీటింగులో అందరూ క్లాప్స్ కొట్టారు తెలుసా?"

"ఒక్కసారి వచ్చి చూడండి సార్. ఆటోలో పది నిమిషాలు."

వరప్రసాద్ జాలిగా చూశాడు. "అదే పాత పద్ధతి. కొలత గొలుసు పట్టుకుని ఒకడు రావడం, మీరు టీ ఇవ్వడం, వాడు అటు రెండడుగులు ఇటు రెండడుగులు జరపడం. ఇప్పుడదంతా తీసేశాం. మనిషి అనేవాడు ఎక్కడా మధ్యలోకి రాడు. అవినీతికి చోటే లేదు."

"మనిషే లేకపోతే మనిషికాడికి ఎవలొస్తరు సారూ?" అంది ఎల్లమ్మ. "నేను గాడ నలభై ఏండ్ల సంది ఉన్న. కరెంటు బిల్లు ఉన్నది, నల్లా బిల్లు ఉన్నది, ఓటు ఉన్నది."

"కరెంటు బిల్లు కరెంటుకి ప్రూఫమ్మా. ఇంటికి కాదు. ఓటు మనిషికి ప్రూఫ్. నువ్వున్నావని నేనూ ఒప్పుకుంటాను. ఇల్లు ఉందనే ఒప్పుకోను." ఆయన కుర్చీ వెనక్కి వాల్చాడు. "అది గుడ్డే అయితే తీసెయ్యండి. ఆన్‌లైన్‌లో అభ్యంతరం పెట్టండి. సిస్టమ్ తనే చూసుకుంటుంది."

సరే, పెద్దమనిషి చెప్పాడు కదా అని తీసేశారు. నడి ఎండలో ఇరవై మూడు కప్పుల మీద నుంచి గుడ్డ చుట్టేసి, అభ్యంతరం పెట్టి, సిస్టమ్ చూసుకుంటుందని కూర్చున్నారు. సిస్టమ్ చూసుకుంది, డ్రోన్‌ని ఇంకోసారి పంపి మరీ. ఐదో రోజు కల్లా ఒకతను నోటీసు పట్టుకుని సందులోకి వచ్చాడు. పి-17 ఉద్యానవనంలో రెండు వందల పన్నెండు చెట్లు నరికివేసినందుకు, ఆ స్థలంలో రాత్రికి రాత్రి ఇరవై మూడు ఇళ్ళు కట్టినందుకు, చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపవలెను.

ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. వీళ్ళు ఇంకో అడుగు ముందుకేసి దూడని ఎవడు దొంగిలించాడని అడుగుతున్నారు.

నోటీసు తెచ్చినతను మాత్రం పాపం మంచివాడే. జిగురు డబ్బా పట్టుకుని సందంతా రెండుసార్లు తిరిగాడు.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?" అంది ఎల్లమ్మ.

"చెట్టు, అమ్మా. పార్కుల ఏదన్న చెట్టుకు అంటియ్యమని రాసిన్రు."

"చెట్టు యాడిది? తలుపుకు అంటియ్యి."

"తలుపు రికార్డుల లేదమ్మా."

"నీ కండ్ల ముందల ఉన్నది గదరా!"

"నా కండ్లతోని ఏమైతది? నా పని అంటించుడే." చివరికి కరెంటు స్తంభానికి అంటించి, దాని ఫోటో తీసుకుని, ఎల్లమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి వెళ్ళాడు.

అభ్యంతరం మీద విచారణకి పిలుపొచ్చింది. అప్పటికి పదిహేను రోజులు గడిచాయి. తెరెసా ఉపాయం చెప్పింది. "నోటితో చెప్తే నమ్మరు. గుడ్డ పట్టుకెళ్ళి చూపించండి. గుడ్డని గుడ్డ అనకపోతే ఇంకేమంటారు?"

దేవకుమార్ ఒక పెద్ద చుట్ట భుజాన వేసుకుని వెళ్ళాడు. వరప్రసాద్ పక్కన ఆ రోజు గీతిక అనే అమ్మాయి కూర్చుని ఉంది. మ్యాపు తయారు చేసిన కన్సల్టెంట్ కంపెనీ నుంచి వచ్చింది, ఇరవై అయిదేళ్ళుంటాయి, చేతిలో టాబ్. దేవకుమార్ బల్ల మీద గుడ్డ పరిచాడు. అది బల్ల దాటి, కుర్చీలు దాటి, గుమ్మం దాకా వెళ్ళింది. చేత్తో పట్టి నలిపి చూపించాడు. "చూడండి సార్, గుడ్డ. ఆకు లేదు, మట్టి లేదు. కావాలంటే ముక్కు చీదుకోవచ్చు."

"గీతికా, చెక్ చెయ్యమ్మా," అన్నాడు వరప్రసాద్.

గీతిక టాబ్ ఎత్తి గుడ్డకేసి పట్టింది. టాబ్ కాసేపు ఆలోచించుకుంది. అమ్మాయి ముఖం ఎర్రబడింది.

"ఏమంటోంది?"

"లాన్ అంటోంది సార్. తొంభై ఏడు శాతం. హెల్దీగా ఉందట."

వెనక నిలబడ్డ అటెండరు గబుక్కున నోరు మూసుకుని బయటికి పోయాడు. వరప్రసాద్ మాత్రం నవ్వలేదు. పరమ సంతృప్తిగా తల ఊపాడు. "చూశావా? మిషన్ ఎప్పుడైనా ఒకే మాట మీద ఉంటుంది. మనిషైతే నీ ముఖం చూసి గుడ్డ అనేవాడు."

"సార్, మీరు దాని మీద మోచెయ్యి పెట్టుకున్నారండీ!"

"పర్సనల్‌గా నాకూ గుడ్డలాగే ఉందయ్యా. ఆఫీసరుగా నేనేం చెయ్యను?" కాస్త మెత్తబడ్డాడు. "ఒక పని చెయ్యి. ఆ గుడ్డ ఏ సినిమాదో ఆ నిర్మాతతో ఉత్తరం రాయించుకురా. ఇది మాదే, షూటింగు గుడ్డే అని. అప్పుడు ఆలోచిద్దాం."

గుడ్డ చుడుతుంటే గీతిక వచ్చి రెండో కొస పట్టుకుంది. "సారీ అంకుల్," అంది మెల్లగా. "వచ్చే గురువారం పదకొండింటికి ఈ వార్డు మీద ఫైనల్‌గా ఇంకోసారి డ్రోన్ ఎగరేస్తున్నాం. దాని తర్వాత నేను కూడా ఏం చెయ్యలేను."

సుబ్రహ్మణ్యంగారి బంగళా మేడ మీద నుంచి చూస్తే బండ సందు కప్పులన్నీ కనపడతాయి. ఆయన్ని కలవడానికి దేవకుమార్ రెండు రోజులు గేటు దగ్గర కాపు కాశాడు. మూడో రోజు పొద్దున్న మేడ మీద నడక మిషను మీద నడుస్తూ పిలిపించారు.

"ఉత్తరమా? ఏం ఉత్తరమయ్యా దేవకుమార్?"

చెప్పాడు. మొత్తం చెప్పాడు, దణ్ణం కూడా పెట్టాడు. ఆయన నడుస్తూనే విన్నారు, వింటూనే వెనక గోడ అవతలికి చూశారు.

"అదే అనుకుంటున్నాను, పదిహేను రోజుల నుంచి పచ్చగా కనపడ్డం లేదేంటా అని. నిజం చెప్పనా? పార్కు మంచిదేనయ్యా. ఊపిరి పీల్చుకోవడానికి సిటీలో చోటెక్కడుంది? మా రోడ్డు సంఘం వాళ్ళం అందరం సంతకాలు పెట్టి ఆ పార్కుని మెచ్చుకుంటూ లెటరిచ్చాం. ఇప్పుడు కాదని ఇంకో లెటరిస్తే ఏం బాగుంటుంది?"

"మా ఇళ్ళు పోతాయండీ. ఇరవై మూడు కుటుంబాలు."

"అయ్యో, మీకెక్కడో ఒకచోట ఇస్తార్లే. ఇప్పుడన్నీ ప్లానింగ్ ప్రకారం జరుగుతున్నాయి." మిషను ఆపి తువాలు తీసుకున్నారు. "అన్నట్టు మంచిగా దొరికావు. శుక్రవారం ఇక్కడే మా ఇంటి మీద షూటింగు. హీరో మేడ మీద నుంచి ఎగురుతాడు. గురువారం పొద్దుటికల్లా గ్రీన్ మ్యాట్ కట్టించాలి. నీ చెయ్యి పడితే ముడతుండదు."

ఇన్నేళ్ళు ఈయన కోటలకి తను రాళ్ళు పెట్టాడు, ఈయన గుళ్ళకి తను శిల్పాలు చెక్కాడు, ఒక్క ముక్క రాసివ్వడానికి ఈయనకి చెయ్యి రాలేదు. పళ్ళ బిగువున అడిగాడు. "ఎంతవరకు కట్టమంటారు సార్?"

"నీ ఇష్టమయ్యా. ఎంత పచ్చగా ఉంటే అంత మంచిది."

ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది, తర్వాత ఎవర్నీ అనుకోవడానికి లేదు.

గురువారం తెల్లారేసరికి మేడ మీద గ్రీన్ మ్యాట్ పరిచేశాడు. అంతవరకు షూటింగు పని. పార్టీలు చేసుకునే డాబా మీద, మెట్లగది మీద, కార్ల షెడ్డు మీద, ఈత కొలను మీద, వాచ్‌మన్ గది మీద కూడా పరిచాడు, అది మాత్రం షూటింగు పని కాదు. అందుకోసం సందులో దాచిన పాత గుడ్డ చుట్టలన్నీ తెప్పించాడు. వాచ్‌మన్ అడిగితే, "పచ్చ వెలుతురు కింద నుంచి కూడా కొట్టాలయ్యా, లేకపోతే హీరోగారి ముఖం నల్లగా వస్తుంది" అన్నాడు. హీరోగారి ముఖం నల్లబడడానికి వాచ్‌మన్ ఎందుకు ఒప్పుకుంటాడు? నిచ్చెన తనే పట్టుకున్నాడు.

పదకొండింటికి డ్రోన్ వచ్చింది. జుంయ్‌మంటూ బంగళా మీద ఒక చుట్టు ఎక్కువే తిరిగింది. దేవకుమార్ తలెత్తి దానికి దణ్ణం పెట్టాడు.

సోమవారం సవరించిన మ్యాపు గోడ మీదకెక్కింది. సుబ్రహ్మణ్యంగారి పదిహేను వందల గజాల బంగళా మాయం. దాని స్థానంలో నిగనిగలాడే ఆకుపచ్చ, "పి-17-ఏ". కింద వరప్రసాద్ స్వహస్తాలతో ఒక వ్యాఖ్య కూడా చేర్చాడు. పి-17లో నరికివేతకు గురైన పచ్చదనానికి బదులుగా పక్క స్థలంలో కొత్త పచ్చదనం వచ్చుట హర్షణీయం.

మన జిగురు డబ్బా అతనే బంగళా గేటు దగ్గరికి నోటీసు తీసుకెళ్ళాడు. లోపలికి పోనిస్తే కదా! గేటు బయట పొగడ చెట్టుకి అంటించాడు. ఈసారి చెట్టు దొరికినందుకు అతనికి చాలా సుఖంగా ఉంది.

ఇక చూడాలి తమాషా. ఆ నోటీసు సుబ్రహ్మణ్యంగారు చదవడం మధ్యాహ్నం మూడింటికి. ఎవరెవరికి ఫోన్లు వెళ్ళాయో మనకి తెలీదు. సాయంత్రం అయిదున్నరకి మూడు కార్లు దిగాయి. వరప్రసాద్, ఆయన పైవాడు, ఆ పైవాడి పైవాడు, గీతిక, టేపు పట్టుకున్నవాళ్ళిద్దరు. మనిషి అనేవాడు మధ్యలోకి రాడన్న ఆఫీసు నుంచి ఆరుగురు మనుషులు వచ్చారు. గోడ మీద నుంచి బండ సందు మొత్తం ఈ వినోదం చూసింది. వరప్రసాద్ గోడని తట్టి చూశాడు, గడప కొలిచాడు, జీడిపప్పు తిన్నాడు, టీ తాగాడు. ఇది ఇల్లేనని అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

"మన దిక్కు గిట్ల మొకం తిప్పి సూస్తడేమో అనుకున్న," అంది ఎల్లమ్మ. ఆయన తిప్పలేదు.

అయినా దేవకుమార్‌కి ఆశ పుట్టింది. ఒక ఇంటికి వచ్చినవాళ్ళు పక్కింటికి రారా? పెద్దవాడికి నొప్పి తెలిస్తేనే కదా రూలు మారేది! నిజంగానే మారింది. మర్నాడు పొద్దున్నే సవరణ ఉత్తర్వు. ఏ నిర్మాణాన్నైనా ఉద్యానవనంగా ప్రకటించే ముందు అధికారి స్వయంగా వెళ్ళి చూడవలెను. దేవకుమార్ పెద్దగా చదువుతుంటే సందంతా ఈలలు వేసింది. రెండో వాక్యం వచ్చేసరికి ఈలలు ఆగిపోయాయి. ఈ సదుపాయం ఐదు వందల గజాలు మించిన నివాసాలకు మాత్రమే వర్తించును. దరఖాస్తు గడువు శనివారం.

"నలభై గజాలు," అన్నాడు గోడకి చారగిలబడి. "నలభై గజాలోడి ఇంటికి కళ్ళు అక్కర్లేదంట తెరెసా. నేనే ముంచాను. మీ అందర్నీ నా చేత్తో నేనే పచ్చరంగులో ముంచాను." ముప్ఫై ఏళ్ళలో అతను తన చేతిపని చూసి ఏడవడం అదే మొదటిసారి. ఎల్లమ్మ పక్కన కూర్చుని వీపు నిమిరింది.

తెరెసా మిషను ఆపలేదు. ఏదో రాణిగారి పైటకి అంచు వేస్తోంది. కాసేపటికి తలెత్తకుండానే, "గుడ్డ చాలకపోతే ఏం చేస్తాం?" అంది.

"ఏంటి?"

"ముక్కలు కలిపి కుడతాం. నలభై చాలవంతే కదా. ఇరవై మూడు నలభైలు ఎంత?"

దేవకుమార్ వేళ్ళు ముడిచి లెక్కేశాడు. తొమ్మిది వందల ఇరవై.

"ఇళ్ళన్నిటికీ గోడలు కలిసే ఉన్నాయా లేదా? మరైతే అది ఒక్కటే ఇల్లు. పెద్ద ఇల్లు. ఉమ్మడి కుటుంబం."

ఉమ్మడి కుటుంబం అనగానే ఇంటి పెద్ద ఎవరన్న గొడవ వచ్చింది, రాకుండా ఉంటుందా! డ్రైవర్లు ఒకడి పేరు చెప్పారు, లైట్ బాయ్‌లు ఇంకొకడి పేరు. దరఖాస్తు మానేసి కొట్టుకునేలా ఉన్నారు. చివరికి మొదటి గుడిసె వేసిన ఎల్లమ్మే ఇంటి పెద్ద అని తీర్మానమైంది. శుక్రవారం డ్రైవర్ ఫోనులో దరఖాస్తు నింపారు. యజమాని, ఎల్లమ్మ. గదులు, అరవై ఒకటి. వంటగదులు, ఇరవై మూడు. పూజగదులు అన్నచోట కాసేపు తర్జనభర్జన పడి, మేరీమాత గూళ్ళు, దేవుడి పటాలు, పీర్ల పంజా అన్నీ కలిపి పంతొమ్మిది అని రాశారు. నొక్కగానే తెర మీద సమాధానం మెరిసింది. గౌరవనీయ ఉన్నత శ్రేణి నివాసీ, మీ దరఖాస్తు అందినది. అధికారి ఇరవై నాలుగు గంటల్లో మీ ఇంటికి వచ్చును.

ముప్ఫై రోజుల్లో రానివాడు ఇరవై నాలుగు గంటల్లో వస్తాడట.

ఇరవై నాలుగు గంటలంటే దేవకుమార్‌కి బోలెడు. ఇంతకంటే తక్కువ టైములో ఇంద్రసభలే లేపాడు. కళ్ళు తుడుచుకుని లేచాడు. ఇరవై మూడు ముందు గోడలకీ ఒకే మీగడ రంగు కొట్టించాడు. సందు మొదట్లో రెండు స్తంభాలు, వాటి మధ్య కమాను, పైన రెండు సింహాలు నిలబెట్టాడు. నల్లరాయి గేటు. కమాను మీద అక్షరాలు చెక్కాడు, ఎల్లమ్మ నిలయం అని.

వరప్రసాద్ శనివారం మధ్యాహ్నం వచ్చాడు. కారు సందు బయటే ఆగిపోయింది. దిగి, సింహాల వంక చూసి, దేవకుమార్ వంక చూసి, దవడ బిగించాడు.

"ఏంటయ్యా ఈ వేషాలు? ఇది ఒక ఇల్లా?"

"అవును సారూ, ఒక్కటే ఇల్లు," అంది ఎల్లమ్మ. షూటింగులో జమీందారిణి వెనక నిలబడి నిలబడి చూసిన ఠీవి ఆ రోజు పనికొచ్చింది. తెరెసా కుట్టిన అంచు చీర కట్టింది. "మేము నూట ఆరుగురం. నడుమ గోడలు గిట్ల అడ్డమొచ్చినయి గంతే."

"నూట ఆరుగురూ ఒక కుటుంబమా?"

"మీ మిషనుకు మా ఇండ్లు చెట్ల లెక్క కొట్టినయి. నా కండ్లకు ఈళ్ళంత నా పిల్లల లెక్క కొడుతున్నరు. తప్పా?"

వరప్రసాద్ స్తంభాన్ని వేలితో కొట్టాడు. టొక్కుమంది. డొల్ల. ఆయన ముఖంలోకి వెలుగొచ్చింది, దేవకుమార్ ముఖంలో నుంచి పోయింది.

"థర్మాకోల్! చూశావా, నా కళ్ళతో పట్టుకున్నాను."

"సార్," అంది గీతిక, టాబ్ అప్పటికే గేటు వైపు ఎత్తి పట్టుకుని. గొంతు మామూలుగానే ఉంది, పెదవులే కొంచెం వణుకుతున్నాయి. "సిస్టమ్ గ్రానైట్ అంటోంది. తొంభై ఆరు శాతం. ఇండిపెండెంట్ బంగళా, పురాతన శైలి అని వచ్చింది."

"అది థర్మాకోలమ్మా! కొట్టి చూశాను కదా!"

"పర్సనల్‌గా నాకూ అలాగే ఉంది సార్," అంది గీతిక. "కానీ మిషన్ మాట కాదని మీరు రాస్తే, పి-17 గురించి మిషన్ చెప్పినదంతా మళ్ళీ తీయాల్సొస్తుంది. ఆ క్లాప్స్ కొట్టిన మీటింగుతో సహా."

వరప్రసాద్ స్తంభం మీద నుంచి వేలు తీసేశాడు. ఎవరో పిల్లాడు కుర్చీ తెచ్చి వేశాడు. టీ వచ్చింది. తాగాడు. తాగి, సంతకం పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

తుది మ్యాపు గోడకెక్కిన రోజు తెరెసా, దేవకుమార్ కలిసి వెళ్ళారు. బంగళా వెనక పసుపు ముక్క ఒకటి కొత్తగా మొలిచింది. చిన్నది కాదు, దర్జాగా ఉంది. తెరెసా దాని మీద వేలు పెట్టి అక్కడే నిలబడిపోయింది. "ఇందులో మన వంటగది ఎక్కడుంటుందంటారు?" అంది, కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా. దేవకుమార్ చూపించాడు, మధ్యలో, కొంచెం ఎడంగా.

వాళ్ళు ఇంటికొచ్చేసరికి జిగురు డబ్బా అతను సందు మొదట్లో ఉన్నాడు. చేతిలో ఈసారి నోటీసు కాదు, ఎల్లమ్మ పేరు మీద నివాస ధ్రువీకరణ పత్రం. అతను చెట్టు కోసం వెతకలేదు.

"గేటు రికార్డుల ఉన్నదమ్మా," అన్నాడు సంతోషంగా. కుడివైపు స్తంభానికి మందంగా జిగురు రాసి, పత్రం పెట్టి, అరచేత్తో బలంగా నొక్కబోయాడు.

ఎల్లమ్మ గబగబా వెళ్ళి స్తంభం వెనక భుజం ఆనించింది.

"జర మెల్లగ బిడ్డా," అంది. "గట్టిగ ఒత్తకు, పడతది."